థాయ్ బీఫ్ నూడుల్ సూప్: నాలుగు రకాల్లో మీ ఇంటికి ఏది?

థాయ్‌లాండ్‌లో బీఫ్ నూడుల్ సూప్ పేరుతో ఒకటి కాదు, చాలా వంటకాలు ఉన్నాయి. ఇంట్లో చేయదగ్గవి ప్రధానంగా నాలుగు. తేటగా ఉండే నామ్ సాయ్, మాంసాన్ని నల్ల సోయా సాస్‌లో గంటల తరబడి ఉడికించే నువ తున్, బ్యాంకాక్ చుట్టుపక్కల కాలువల మీద పడవల్లో అమ్మకంతో పుట్టిన పడవ నూడుల్స్, ఉత్తరాన చియాంగ్ మాయ్ వైపు కొబ్బరిపాలతో చేసే ఖావ్ సోయ్. చాలామంది ముందు వీడియో చూసి ఒకటి ఎంచుకుంటారు, తర్వాత దానికి తగిన మాంసం కోసం తిరుగుతారు. అది తలకిందుల పని. కొట్లో ఏ ముక్క దొరికిందో, పొయ్యి దగ్గర ఎంతసేపు ఉండగలరో తేల్చుకుంటే ఏ సూప్ చేయాలో సగం తేలిపోయినట్టే.

## ముందు చూడాల్సినవి

మాంసం. సూప్ రుచి ఎక్కువగా దీని మీదే ఆధారపడుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో బీఫ్ అన్నా, పెద్దకూర అన్నా చాలావరకు దొరికేది గేదె, దున్న మాంసమే. కొవ్వు తక్కువ, రంగు ముదురు, పీచు గట్టి. ఇంగ్లీషు వంటకాల్లో రాసిన సమయానికి ఇంకో మూడో వంతు కలుపుకోండి. అందులో రెండు గంటలు అని ఉంటే మీకు రెండు గంటల నలభై నిమిషాలు పడుతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్లకు ఈ లెక్క అక్కర్లేదు, అక్కడి షాంక్ (పిక్క), బ్రిస్కెట్ (రొమ్ము) రాసిన సమయానికే ఉడుకుతాయి.

సూప్‌కు పనికొచ్చే ముక్క పిక్క. కండ మధ్యలో తెల్లటి నరాలు, పొరలు ఉంటాయి. నిదానంగా ఉడికితే అవి కరిగి జిగురవుతాయి, సూప్ తాగేటప్పుడు పెదవులకు అంటుకునే చిక్కదనం వాటిదే. రొమ్ము భాగం కూడా బాగుంటుంది. తొడ కండ మాత్రం తీసుకోకండి. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, కానీ కరగడానికి అందులో ఏమీ లేదు. ఎంత ఉడికిస్తే అంత పీచుపీచుగా ఎండిపోతుంది. 'ఎముక లేకుండా మంచి ముక్కలు ఇవ్వు' అని అడిగితే కొట్టువాడు తొడే కోసిస్తాడు. అందుకే 'పిక్క కావాలి, నరంతో సహా' అని పేరు చెప్పి అడగాలి.

సమయం, సామాను. మూడు గంటలు ఖాళీ ఉందా, కుక్కరే దిక్కా? థాయ్ సరుకులు అమ్మే కొట్టు అందుబాటులో ఉందా?

తప్పు జరిగితే సర్దుకుంటుందా. కొన్ని సూప్‌లలో పొరపాటు పైకి కనిపించదు, కొన్నింటిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

| రకం | కావాల్సిన మాంసం | సమయం: గిన్నె / కుక్కర్ | దొరకడం కష్టమయ్యేవి | పొరపాటు సర్దుకునే వీలు |
|---|---|---|---|---|
| నామ్ సాయ్ | ఎముకలు, అండర్‌కట్ | 4 గం. / 2 గం. | దాదాపు ఏమీ లేవు | తక్కువ |
| నువ తున్ | పిక్క, రొమ్ము, నరం | 3½ గం. / 1½ గం. | థాయ్ నల్ల సోయా | బాగా ఎక్కువ |
| పడవ నూడుల్స్ | తున్‌కు వాడేవే, పైగా రక్తం | 4 గం. / 2 గం. | ఎర్రటి పులిసిన టోఫు, ద్రవంగా ఉన్న రక్తం | మధ్యస్థం |
| ఖావ్ సోయ్ | పిక్క | 3 గం. / 1½ గం. | గుడ్డు నూడుల్స్, ఊరబెట్టిన ఆవాకు | ఎక్కువ |

## నువ తున్: మొదటిసారి చేసేవాళ్లకు

ముందుగా దీన్నే చెప్పడానికి కారణం ఉంది. మాంసం గట్టిగా ఉంటే ఇంకాసేపు ఉడికించవచ్చు, ఉప్పు ఎక్కువైతే నీళ్లు పోయవచ్చు, సూప్ కలకబారినా నల్లటి రంగులో తెలియదు.

నలుగురికి కొలతలు: పిక్క 800 గ్రాములు (పెద్ద ముక్కలుగా, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా), నల్లి ఎముకలు అర కిలో, నీళ్లు రెండున్నర లీటర్లు. వెల్లుల్లి ఒక పాయ, తెల్ల మిరియాలు ఒక టీస్పూన్, కొత్తిమీర వేర్లు అయిదు. ఈ మూడూ దంచి వేయాలి. చాలా థాయ్ వంటకాలకు ఇదే మూల ముద్ద. వేర్ల విషయంలో రైతుబజారుకు వెళ్లేవాళ్లది అదృష్టం, కట్ట వేర్లతోనే వస్తుంది, ఇసుక పోయేదాకా కడుక్కుంటే చాలు. విదేశీ సూపర్ మార్కెట్ కట్టకు వేర్లు కోసేసి ఉంటాయి కాబట్టి కాడల అడుగు భాగం రెట్టింపు వేసుకోవాలి.

మూటలో కట్టాల్సినవి: అనాసపువ్వు రెండు, దాల్చినచెక్క 5 సెంటీమీటర్ల ముక్క, గలంగల్ అయిదారు చక్రాలు. పచ్చి గలంగల్ దొరక్కపోతే ఆయుర్వేద సరుకుల కొట్లో ఎండు దుంపరాష్ట్రం అడగండి, ఉడికే సూప్‌కు అది పనిచేస్తుంది. పాండన్ ఆకు ఉంటే రెండు ముడేసి వేయండి, లేకపోతే వదిలేయండి. సీసాల్లో అమ్మే పాండన్ ఎసెన్స్ వేస్తే మాత్రం ఐస్‌క్రీమ్ వాసన వస్తుంది. చేయి అలవాటు కొద్దీ లవంగాలు, యాలకులు, జాపత్రి వేయకండి, అవి పడితే సూప్ నహారీ వైపు వెళ్లిపోతుంది. అనాసపువ్వును గంట తర్వాత తీసేయాలి. ఉడుకుతూ ఉంటే మందు వాసన, చేదు వస్తాయి.

ఎముకలను, మాంసాన్ని చన్నీళ్లలో వేసి మరిగించి, అయిదు నిమిషాలకు ఆ నీళ్లు పారబోసి, ముక్కల్ని కడగాలి. ఇది మానేస్తే బూడిదరంగు నురగ, నీచు వాసన చివరిదాకా మిగులుతాయి. తర్వాత కొలత నీళ్లు పోసి, దంచిన ముద్ద, మూట, తెల్ల సోయా సాస్ (లైట్ సోయా) 3 టేబుల్ స్పూన్లు, నల్ల సోయా ఒకటిన్నర, ఆయిస్టర్ సాస్ ఒకటి, పటిక బెల్లం 25 గ్రాములు వేసి సన్నని సెగ మీద ఉంచాలి. ఫిష్ సాస్, ఉప్పు చివరనే. ముందే సరిపెడితే నీళ్లు ఇంకేసరికి ఉప్పుకషాయం అవుతుంది.

థాయ్ నల్ల సోయాలో తీపి, చిక్కదనం ఉంటాయి. ఇక్కడ మామూలు కొట్లో దొరికే డార్క్ సోయా ఉప్పు ఎక్కువ, ఘాటు ఎక్కువ. దాన్నే వాడాల్సి వస్తే ఒక టేబుల్ స్పూన్‌కు ఒక టీస్పూన్ ముదురు బెల్లం కలిపి, తెల్ల సోయాను రెండు స్పూన్లకు తగ్గించండి.

మాంసం ఉడికిందా అని చూడటానికి ఒక ముక్కలోకి చాప్‌స్టిక్ గుచ్చండి. అడ్డు లేకుండా దిగి, ముక్క విడిపోకుండా ఉండాలి. పిక్క మధ్యలో ఉన్న నరం అద్దంలా పారదర్శకంగా మారి ఉంటుంది. ఇంకా పాలరంగులో, రబ్బరులా ఉంటే మరో అరగంట.

బ్యాంకాక్ ఎక్కమాయ్‌లోని వత్తనా పానిచ్ ఈ తరహా బీఫ్‌కే పేరుపొందిన హోటల్. అక్కడ ఏ రోజు మిగిలిన సూప్ మర్నాటి సూప్‌లో కలుస్తుంది, దశాబ్దాలుగా ఇదే పద్ధతి. ఇంట్లో దాన్ని అనుకరించకండి, అది రోజంతా మరిగే పెద్ద బాణలికి కుదిరే పని.

## నామ్ సాయ్: సామాను తక్కువ, ఓపిక ఎక్కువ

జాబితా చూసి చాలామంది ఇదే సులువనుకుంటారు. నిజానికి దాచడానికి మసాలా లేదు, రంగు లేదు. ఎముకల నీళ్లు బాగా వస్తే సూప్ బాగుంటుంది, అంతే.

ఎముకలు కిలోన్నర (సగం నల్లి, సగం కీళ్లు), నీళ్లు నాలుగు లీటర్లు, ముల్లంగి 400 గ్రాములు, పైన చెప్పిన వెల్లుల్లి, మిరియాలు, వేర్ల ముద్ద, పటిక బెల్లం 20 గ్రాములు. అనాసపువ్వు వేస్తే ఒక్కటే. ఎముకలను ఎనిమిది నిమిషాలు మరిగించి, పారబోసి, ఒక్కోదాన్ని కుళాయి కింద రుద్ది కడగాలి. మూడు గంటలు సెగ ఎలా ఉండాలంటే ఉపరితలం మీద ఒకటీ అరా బుడగ పైకి రావాలి, అంతకు మించకూడదు. తెర్లితే కొవ్వు చిన్న చిన్న బిందువులుగా చీలి నీళ్లలో కలిసిపోతుంది, సూప్ పాలలా తెల్లబడుతుంది. ఒకసారి అలా అయ్యాక వడకట్టినా తేటపడదు. ముల్లంగి ఆఖరి గంటలో వేయాలి. మొదట్లోనే వేస్తే కరిగి చేదెక్కుతుంది. చివర్లో తెల్ల సోయా మూడు టేబుల్ స్పూన్లు, ఫిష్ సాస్ రెండు. ఆరుగురికి సరిపోతుంది.

మాంసం ఇందులో విడిగా పడుతుంది. 300 గ్రాముల అండర్‌కట్‌ను నలభై నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే గట్టిపడుతుంది, అప్పుడు పీచుకు అడ్డంగా 2 మిల్లీమీటర్ల మందాన కోయడం వస్తుంది. దున్న మాంసమైతే పావు టీస్పూన్ తినే సోడా పట్టించి ఇరవై నిమిషాల తర్వాత కడిగేయండి. ఆపైన ఒక టేబుల్ స్పూన్ తెల్ల సోయా, ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్. వడ్డించే ముందు జల్లి గరిటెలో వేసి తెర్లే నీళ్లలో ముంచాలి, అర నిమిషం లోపే ఎరుపు పోయి ఉడికిపోతుంది. గిన్నెలోని వేడి సూప్ దాన్ని ఉడికిస్తుందని పచ్చి ముక్కలు నేరుగా వేయకండి. ఉదయం నుంచి కొట్లో వేలాడిన మాంసంతో ఆ ధైర్యం వద్దు.

## పడవ నూడుల్స్: రుచి తెలిసినవాళ్లకే

తున్ సూప్ చేయడం చేతికి వచ్చాక దీని జోలికి వెళ్లండి, ఎందుకంటే మూలం అదే. దానికి నిమ్మగడ్డి రెండు కాడలు, ఎర్రటి పులిసిన టోఫు మెదిపి ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, ఊరిన వెల్లుల్లి నీళ్లు రెండు టేబుల్ స్పూన్లు, నల్ల సోయా ఇంకో స్పూన్ చేరతాయి. వడ్డించేటప్పుడు తూటికూర, మొలకలు, బేసిల్ ఆకులు. థాయ్‌లాండ్‌లో పైన పంది తోలు కరకరలు వేస్తారు, ముస్లింల కొట్లలో అవి ఉండవు.

బేసిల్‌కు బదులు ఇంటి తులసి వేయకండి, ఘాటు వేరు. సబ్జా గింజల మొక్క థాయ్ బేసిల్ జాతిదే, దాని ఆకు చాలా దగ్గరగా ఉంటుంది.

చిక్కు రక్తంతోనే. నామ్ తోక్ తరహాలో, ఉప్పు కలిపి గడ్డకట్టకుండా ఉంచిన పచ్చి రక్తాన్ని తెర్లే సూప్‌లో కలుపుతారు. చిక్కదనం, లోతైన రుచి దానివే. తెలంగాణలో నల్ల (రక్తం) వండుకు తినే ఇళ్లకు ఈ రుచి కొత్త కాదు. కాకపోతే కొట్లో దొరికే నల్ల మామూలుగా అప్పటికే గడ్డకట్టి ఉంటుంది, అది సూప్‌లో కలవదు. ద్రవంగా, శుభ్రంగా సేకరించిన రక్తం దొరికితే గిన్నెకు ఒక టేబుల్ స్పూన్ లెక్కన వేసి, కలుపుతూ ఒక్క పొంగు రానివ్వాలి. పొంగాక వెంటనే దించకపోతే రవ్వరవ్వగా విరుగుతుంది. దొరక్కపోతే రక్తం లేకుండానే చేయండి, బాగానే ఉంటుంది. చిక్కదనం కోసం కార్న్‌ఫ్లోర్ మాత్రం వద్దు, మాంచో సూప్ అయిపోతుంది.

వీటిని చిన్న గిన్నెల్లో వడ్డిస్తారు, మనిషికి మూడు నాలుగు గిన్నెలు మామూలే. పదిమందిని పిలిస్తే వంటవాడు పొయ్యి దగ్గరే ఉండిపోవాలి. ఆ సరదా ఉంటే సరే.

## ఖావ్ సోయ్: మన నాలుకకు దగ్గరిది

చియాంగ్ మాయ్‌లో ఖావ్ సోయ్‌కు చైనాలోని యునాన్ నుంచి వచ్చిన ముస్లిం వర్తకులతో సంబంధం ఉందని చెబుతారు. బాన్ హో మసీదు దగ్గరి హలాల్ హోటళ్లలో బీఫ్, కోడి రెండింటితోనూ చేస్తారు. పసుపు, ధనియాలు, ఎండుమిర్చి, కొబ్బరిపాలు ఉంటాయి కాబట్టి మసాలా వేయించడం తెలిసిన చేతికి ఇది రెండో రోజే పట్టుబడుతుంది.

నలుగురికి పిక్క 700 గ్రాములు. ముద్దకు ఎండుమిర్చి ఎనిమిది, చిన్న ఉల్లిపాయలు 100 గ్రాములు, వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, అల్లం 3 సెంటీమీటర్లు, పచ్చి పసుపు కొమ్ము అంతే, ధనియాలు ఒక టేబుల్ స్పూన్, నల్ల యాలక ఒకటి, కర్రీ పౌడర్ ఒక టేబుల్ స్పూన్. మిర్చి బ్యాడగి రకం తీసుకోండి. గుంటూరు ఘాటు మిర్చి ఎనిమిది వేస్తే రంగు రాకముందే కారం నషాళానికి అంటుతుంది. కర్రీ పౌడర్ తప్ప అన్నీ పొడి పెనం మీద మచ్చలు పడేదాకా కాల్చి రుబ్బాలి.

మాంసాన్ని ముందు విడిగా ఉప్పు నీళ్లలో ఉడికించండి. కొబ్బరిపాలతో కలిపి కుక్కర్‌లో పెడితే పాలు విరిగి గింజలు కడతాయి. బాణలిలో చిక్కటి మొదటి పాలు 200 మిల్లీలీటర్లు మరిగించి నూనె తేలాక ముద్ద వేసి అయిదారు నిమిషాలు వేయించాలి. డబ్బా పాలలో చిక్కబరిచే పదార్థాలు కలిపి ఉంటే ఎంత మరిగించినా నూనె విడిపోదు, అప్పుడు రెండు టేబుల్ స్పూన్ల నూనె వేసి పని కానివ్వండి. తర్వాత మాంసం, ఉడికించిన నీళ్లు 700 మిల్లీలీటర్లు, మిగతా పాలు 600, ఫిష్ సాస్ రెండున్నర టేబుల్ స్పూన్లు, తాటిబెల్లం ఒక టేబుల్ స్పూన్. పావుగంట సన్నని సెగ. పైన ఎర్రటి నూనె తేలితే సరిగ్గా వచ్చినట్టే.

గుడ్డు నూడుల్స్ కొన్ని ఉడికించి అడుగున, కొన్ని నూనెలో వేయించి పైన. ప్యాకెట్ ఎండు నూడుల్స్‌ను ఉడికించాక పళ్లెంలో పరిచి అరగంట ఆరబెట్టి వేయించాలి, తడిగా వేస్తే నూనె చిమ్ముతుంది. పక్కన పుల్లటి ఆవాకు లేకపోతే కొబ్బరి వెగటు కొడుతుంది. 200 గ్రాముల ఆవాకును టీస్పూన్ ఉప్పుతో పిసికి, అరగంటకు పిండి, మూడు టేబుల్ స్పూన్ల వెనిగర్, ఒకటి చక్కెర కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే చాలు.

ఇంట్లో కొందరు బీఫ్ తినరా? అయితే వేరే ఆలోచన అక్కర్లేదు, ఇదే ఎంచుకోండి. కోడి ఉడికించిన నీళ్లతో కూర చేసి రెండు గిన్నెల్లోకి విడదీస్తే ఒకదాంట్లో బీఫ్, ఇంకోదాంట్లో కోడి వేసుకోవచ్చు. మిగతా మూడింటిలో సూపే బీఫ్ ఎముకలది కాబట్టి ఆ వీలు లేదు.

## కుక్కరా, గిన్నెనా?

తున్, ఖావ్ సోయ్‌లకు కుక్కర్ ఏ మాత్రం తక్కువ కాదు. అయిదు లీటర్ల కుక్కర్‌ను మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు, కాబట్టి పైన చెప్పిన తున్ కొలత మొత్తం అందులో పట్టదు. పిక్క 800, ఎముకలు అర కిలో, నీళ్లు లీటరున్నర పెట్టి, ఉడికాక మిగతా లీటరు వేడినీళ్లు కలపండి. మొదటి విజిల్ రాగానే సెగ తగ్గించాలి. ఆ తర్వాత విదేశాల్లో దొరికే మామూలు బీఫ్‌కు 35 నిమిషాలు, దున్న మాంసానికి 45 నుంచి 50. విజిళ్లు లెక్కపెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు, ప్రతి విజిల్‌కూ లోపల నీళ్లు తెర్లి సూప్ కలకబారుతుంది. ఆవిరి దానంతటది పోయేదాకా ఆగాలి. వెయిట్ ఎత్తి వదిలేస్తే ముక్కలు బిగుసుకుని ఎండుతాయి.

నామ్ సాయ్‌కు మాత్రం వీలైతే గిన్నెనే వాడండి.

## నూడుల్స్ ఏవి?

| రకం | తయారీ | ఏ సూప్‌కు |
|---|---|---|
| సెన్ లెక్ (సన్నని బియ్యప్పట్టీ) | చన్నీళ్లలో 30–40 నిమిషాలు నానబెట్టి, తెర్లే నీళ్లలో 15–20 సెకన్లు | తున్, పడవ, నామ్ సాయ్ |
| సెన్ మీ (బియ్యపు సేమియా) | 15 నిమిషాలు నానబెట్టి, 5–10 సెకన్లు | నామ్ సాయ్, పడవ |
| బామీ (గుడ్డు) | తాజావి ఒక నిమిషం, ఎండువి ప్యాకెట్ మీద ఉన్నట్టు | ఖావ్ సోయ్, తున్ |
| సెన్ యాయ్ (వెడల్పు) | తాజావైతేనే, 10 సెకన్లు | తున్ |

మనిషికి ఎండువి 60 నుంచి 70 గ్రాములు. అనుమానం ఉంటే సెన్ లెక్ కొనండి. దక్షిణ భారత బియ్యపు సేమియాను సెన్ మీకి బదులు వాడవచ్చు కానీ ముందే ఆవిరి మీద ఉడికించిన రకమైతే సూప్‌లో క్షణాల్లో నలిగిపోతుంది. ఏ నూడుల్స్ అయినా సూప్ గిన్నెలో ఉడికించకూడదు, పిండి దిగి సూప్ గంజిలా అవుతుంది. విడిగా నీళ్లలో ముంచి తీసి, వెంటనే ఒక టీస్పూన్ వెల్లుల్లి నూనె కలపండి, అంటుకోవు.

ఆ నూనెకు 50 గ్రాముల తరిగిన వెల్లుల్లి, 120 మిల్లీలీటర్ల నూనె, సన్నని సెగ. లేత గోధుమరంగు రాగానే దించేయాలి, దించాక కూడా ఒక వన్నె ముదురుతుంది. దీన్ని బయట ఉంచితే ప్రమాదకరమైన విషం పుట్టవచ్చు, ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి.

## బల్ల మీద నాలుగు సీసాలు

థాయ్ నూడుల్ కొట్లో ఫిష్ సాస్, చక్కెర, వేయించి దంచిన ఎండుమిర్చి, మిర్చి ముక్కలు వేసిన వెనిగర్ బల్ల మీద ఉంటాయి. సూప్‌ను కాస్త చప్పగా ఇస్తారు, తినేవాళ్లు సరిపెట్టుకుంటారు. ఇంట్లోనూ అంతే చేయండి. పిల్లలున్న ఇంట్లో తున్ గానీ నామ్ సాయ్ గానీ నప్పడానికి కారణం ఇదే, కారం ఎవరి గిన్నెలో వాళ్లు వేసుకుంటారు. ఖావ్ సోయ్‌లో ముద్దలోనే కారం ఉంటుంది, తర్వాత తీయలేరు. గుంటూరు మిర్చికి ఇక్కడ చోటుంది. పొడి పెనం మీద నల్లబడకుండా వేయించి బరకగా దంచితే సరిగ్గా సరిపోతుంది. వెనిగర్‌కు 100 మిల్లీలీటర్లకు పండుమిర్చి ఆరు, అరగంట ముందు కలపండి.

ముందురోజే చేసిపెట్టుకోవాలంటే తున్‌కు మించింది లేదు. ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి కొవ్వు పైన పెచ్చులా గడ్డకడుతుంది, దాన్ని తీసేస్తే సూప్ తేలికవుతుంది, ముక్కలకూ ఉప్పు పడుతుంది. పెద్ద గిన్నెతో వేడిగా పెట్టకండి. చిన్న డబ్బాల్లోకి పంచి, చన్నీళ్ల పళ్లెంలో చల్లార్చి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి. మూడు రోజులు ఉంటుంది, ఫ్రీజర్‌లో రెండు నెలలు. ఖావ్ సోయ్‌ను ఫ్రీజర్‌లో పెడితే కొబ్బరిపాలు విరుగుతాయి కాబట్టి ముద్దనూ ఉడికిన మాంసాన్నీ విడిగా దాచి, పాలు ఆరోజే పోసుకోవాలి. నూడుల్స్ మాత్రం దేంట్లోనూ నిల్వ చేయవద్దు, సూప్‌లో ఉండిపోయినవి మర్నాటికి నీళ్లన్నీ తాగేసి ముద్దయిపోతాయి.